హైదరాబాద్ టు డాలస్: 16 గంటల దూరానికి 22 గంటల ప్రయాణం ఎందుకు? డైరెక్ట్ ఫ్లైట్‌కి అడ్డం పడుతున్నదేంటి?

అర్ధరాత్రి దాటాక శంషాబాద్ ఎయిర్‌పోర్టు డిపార్చర్స్ దగ్గర నిలబడితే ఒక సీన్ రోజూ కనిపిస్తుంది. మార్కర్‌తో పేరు రాసిన పెద్ద సూట్‌కేసులు. పచ్చళ్లు, పొడులు సర్ది తాడు బిగించిన అట్టపెట్టె. వీల్‌చైర్‌లో అమ్మ, పక్కనే పాస్‌పోర్టుల ఫైల్ గట్టిగా పట్టుకున్న నాన్న. డాలస్‌కో, చికాగోకో, న్యూజెర్సీకో ప్రయాణం. సాగనంపడానికి వచ్చిన చుట్టాలు అడిగే ప్రశ్న మాత్రం ఒకటే.. "మొత్తం ఎన్ని గంటలు?"

ఫోన్‌లో వెతికితే ఈ ప్రశ్నకి రెండు జవాబులు దొరుకుతాయి. హైదరాబాద్ నుంచి డాలస్‌కి దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. గంటకి 900 కిలోమీటర్ల వేగం లెక్కన 16 గంటలు. ఇది మొదటి జవాబు. చేతిలో ఉన్న టికెట్ చూస్తే 22 గంటలు, 24 గంటలు, ఒక్కోసారి 30 గంటలు. ఇది రెండోది. మరి ఏది నిజం?

రెండూ నిజమే. మొదటిది భూమి చెప్పే లెక్క. రెండోది ఆకాశం చెప్పే లెక్క. ఈ రెండింటి మధ్య ఉన్న ఆరేడు గంటల తేడాలో కొండలున్నాయి, గాలులున్నాయి, ఇంధనం ట్యాంకులున్నాయి, యుద్ధాలు కూడా ఉన్నాయి. "హైదరాబాద్ నుంచి అమెరికాకి డైరెక్ట్ ఫ్లైట్ ఎప్పుడు?" అని ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నకి సమాధానం కూడా అక్కడే ఉంది.

మ్యాప్ మీద కాదు.. గ్లోబు మీద చూడాలి

గోడకి తగిలించిన మ్యాప్ చూస్తే అమెరికా మనకి పడమర దిక్కున, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటాక కనిపిస్తుంది. కానీ భూమి గుండ్రంగా ఉంది కదా.. ఒక గ్లోబు తీసుకుని హైదరాబాద్ మీద దారం కొస పెట్టి డాలస్ దాకా బిగించి లాగండి. ఆ దారం పడమరకి పోదు. దాదాపు నేరుగా ఉత్తరానికి పోతుంది.

హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. అంటే భూమికి దాదాపు అటొకరు, ఇటొకరు. అందుకే అతి దగ్గరి దారి కారకోరం పర్వతాలు, చైనాలోని షింజియాంగ్, కజకిస్థాన్, రష్యాలోని సైబీరియా మీదుగా వెళ్లి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా సాగి, కెనడా మీదుగా టెక్సాస్‌లో దిగుతుంది. దీన్నే విమానయాన భాషలో గ్రేట్ సర్కిల్ రూట్ అంటారు. యాప్‌లో కనిపించే 14,400 కిలోమీటర్లు ఈ దారిదే.

ఇదే లెక్కన హైదరాబాద్ నుంచి చికాగోకి సుమారు 13,300 కిలోమీటర్లు, శాన్‌ఫ్రాన్సిస్కోకి 13,500 కిలోమీటర్ల పైచిలుకు. భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యైనా అత్యధిక దూరం 20 వేల కిలోమీటర్లే. మన వాళ్లు వెళ్తున్నది అందులో మూడింట రెండు వంతుల దూరం అన్నమాట.

ఆ గీత మీద ఎందుకు ఎగరరు?

మొదటి అడ్డంకి కొండలు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గితే విమానం వెంటనే 10 వేల అడుగుల ఎత్తుకి దిగాలి. ప్రయాణికుల మాస్కుల్లో వచ్చే ఆక్సిజన్ సాధారణంగా పావుగంటకి మించి ఉండదు. కింద ఉన్న శిఖరాలే 20 వేల అడుగులు దాటి ఉంటే దిగేది ఎక్కడికి? అందుకే హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీదుగా అడ్డంగా పోయే దారుల్ని విమానాలు వీలైనంత వరకు తప్పించుకుంటాయి.

రెండో అడ్డంకి రష్యా. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ దేశాలు రష్యా విమానాలకి తమ ఆకాశం మూసేశాయి. రష్యా కూడా అదే పని చేసింది. దాంతో అమెరికా కంపెనీలకి సైబీరియా దారి బంద్ అయింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి డైరెక్ట్ సర్వీసు నడుపుతామని అంతకు ముందే ప్రకటించిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్, ఆ సర్వీసు మొదలుపెట్టనే లేదు. రష్యా నిషేధం మన దేశ విమానాలకి లేదు కాబట్టి ఎయిర్ ఇండియా ఆ దారి వాడుకోగలుగుతోంది.

అయితే ఆ దారిలోనూ రిస్క్ ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగాల్సి వచ్చింది. అందులో 216 మంది ప్రయాణికులున్నారు. వాళ్ల కోసం ఇండియా నుంచి ఇంకో విమానం వెళ్లాకే ప్రయాణం ముందుకు సాగింది. 2024 అక్టోబర్‌లో బాంబు బెదిరింపుతో ఢిల్లీ - చికాగో విమానాన్ని కెనడా ఉత్తరాన ఉన్న ఇకాలుయిట్‌లో దించారు. దగ్గరి దారి అంటే జనసంచారం లేని మంచు ప్రాంతాల మీదుగా పోయే దారి కూడా అన్నమాట. అత్యవసరమైతే దిగడానికి ఎయిర్‌పోర్టులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకునే రూట్ గీయాలి.

మూడోది పాకిస్థాన్.. దాని సంగతి కాస్త వివరంగా చూడాలి.

2019లో ఒకసారి.. 2025లో మరోసారి

బాలాకోట్ దాడుల తర్వాత 2019 ఫిబ్రవరి చివర్లో పాకిస్థాన్ తన గగనతలం మూసేసింది. జూలై 16 దాకా పూర్తిగా తెరవలేదు. ఆ నాలుగున్నర నెలల్లో జూలై 2 నాటికే ఎయిర్ ఇండియాకి 491 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని అప్పటి పౌర విమానయాన మంత్రి హర్దీప్ సింగ్ పురి రాజ్యసభకి చెప్పారు. ఢిల్లీ నుంచి ఇస్తాంబుల్ వెళ్లే ఇండిగో విమానం ఇంధనం కోసం మధ్యలో దోహాలో దిగాల్సి వచ్చింది.

పహల్గాం ఉగ్రదాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న మళ్లీ అదే సీన్. భారత విమానాలకి పాకిస్థాన్ ఆకాశం మూసింది. ఏప్రిల్ 30న మనమూ వాళ్ల విమానాలకి మూసేశాం. ఆ తర్వాత రెండు దేశాలూ నెలనెలా నోటీసులిచ్చి పొడిగిస్తూ వచ్చాయి. దీంతో ఢిల్లీ నుంచి పడమరకి వెళ్లే మన విమానాలు ముందు దక్షిణానికి దిగి, గుజరాత్, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సిన పరిస్థితి. ముక్కు ఏదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టే.

ఆ చుట్టు తిరుగుడికి ఖర్చెంత? మూసివేత ఏడాది పాటు ఉంటే దాదాపు 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని ఎయిర్ ఇండియా 2025లో కేంద్రానికి రాసిన లేఖలో అంచనా వేసినట్టు రాయిటర్స్ వెల్లడించింది. ఢిల్లీ - అమెరికా సర్వీసుల్లో కొన్ని ఇంధనం కోసం వియన్నా లాంటి యూరప్ నగరాల్లో ఆగాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసునే ఎయిర్ ఇండియా ఆపేసింది. విమానాల ఆధునికీకరణ పనులతో పాటు పాకిస్థాన్ గగనతలం మూతను కూడా కారణంగా చెప్పింది.

ఇక్కడ చాలామంది గమనించని పాయింట్ ఒకటుంది. ఈ నిషేధం భారత విమానయాన సంస్థలకే. విదేశీ కంపెనీల విమానాలు ఢిల్లీలో బయల్దేరి పాకిస్థాన్ మీదుగా వెళ్లొచ్చు. అంటే ఒకే ఎయిర్‌పోర్టు, ఒకే గమ్యం.. కానీ మన విమానానికి దూరం ఎక్కువ, వాళ్ల విమానానికి దూరం తక్కువ. అమెరికాలో ఆకాశం విషయంలో మనకి అనుకూలంగా ఉన్న రష్యా దారి లాభాన్ని పాకిస్థాన్ మూత ఇలా చాలా వరకు తినేస్తోంది.

హైదరాబాద్‌కి డైరెక్ట్ ఫ్లైట్ వచ్చింది.. నిలవలేదు

అసలు హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానమే లేదా అంటే.. ఒకప్పుడు ఉండేది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ - చికాగో డైరెక్ట్ సర్వీసు మొదలైంది. వారానికి ఒక్కటే. 238 సీట్లున్న బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం. ఆ సర్వీసు ఎక్కువ కాలం కొనసాగలేదు.

సరిగ్గా అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో - బెంగళూరు డైరెక్ట్ సర్వీసు కూడా మొదలైంది. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి సహా నలుగురు మహిళా పైలట్లు నేరు దూరం 13,993 కిలోమీటర్లున్న ఆ సర్వీసును ఉత్తర ధ్రువం మీదుగా నడిపి దేశమంతా మెచ్చుకునేలా చేశారు. నలుగురు పైలట్లు ఎందుకంటే.. 16, 17 గంటలు ఇద్దరే నడపడం కుదరదు. వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటూ నడపాలి. ఆ జీతాలు, హోటల్ ఖర్చులు కూడా టికెట్ లెక్కలోకే వస్తాయి.

ఇంధనాన్ని మోయడానికీ ఇంధనం కావాలి

దూరం పెరిగే కొద్దీ ఖర్చు అదే నిష్పత్తిలో పెరగదు. అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. ఎందుకంటే చివరి గంటలో వాడే ఇంధనాన్ని మొదటి గంట నుంచే మోసుకుపోవాలి. అలా అదనంగా మోసే ఇంధనంలో గంటకి మూడు నాలుగు శాతం, దాన్ని మోయడానికే కాలిపోతుంది. ట్యాంకు నిండినా సరిపోదనుకుంటే సీట్లు, కార్గో తగ్గించాలి.

దీనికి మంచి ఉదాహరణ ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్ వెళ్లే క్వాంటస్ విమానం. ఆ దూరం సుమారు 14,500 కిలోమీటర్లు. అంటే మన హైదరాబాద్ - డాలస్ దూరానికి దాదాపు సమానం. అక్కడ వాడేది బోయింగ్ 787-9. బోయింగ్ చెప్పే లెక్క ప్రకారం దాని రేంజ్ 14,010 కిలోమీటర్లే. మరి ఎలా కుదురుతోంది? క్వాంటస్ అందులో 236 సీట్లే పెట్టింది. మామూలుగా అదే విమానంలో 290 దాకా పెట్టొచ్చు. తక్కువ మంది, తక్కువ బరువు, ఎక్కువ ధర.. ఇదీ ఫార్ములా.

అదీ ఆకాశం తెరిచి ఉన్నంత వరకే. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ దగ్గర ఉద్రిక్తతలు పెరిగి ఆ గగనతలాన్ని తప్పించాల్సి వచ్చినప్పుడు, ఇదే పెర్త్ - లండన్ విమానం ఇంధనం కోసం సింగపూర్‌లో ఆగాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణంలో మాత్రం గాలి అనుకూలించడంతో నేరుగా వచ్చేసింది. కొన్ని వందల కిలోమీటర్ల చుట్టు దారి చాలు.. డైరెక్ట్ ఫ్లైట్ వన్ స్టాప్ అయిపోవడానికి.

మరి మన ఆరేడు గంటలు ఎక్కడ పోతున్నాయి?

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,550 కిలోమీటర్లు. అక్కడి నుంచి డాలస్‌కి సుమారు 12,900. మొత్తం 15,450. నేరు దారి కన్నా ఎక్కువయ్యింది వెయ్యి కిలోమీటర్లే. విమానానికి అది గంట పైన కొద్ది నిమిషాల పని. మరి మిగతా గంటలో?

దుబాయ్ దాకా సుమారు 4 గంటలు, అక్కడి నుంచి డాలస్‌కి సుమారు 16 గంటలు. గాల్లోనే 20 గంటలు. రెండు సార్లు పైకి లేవడం, రెండు సార్లు దిగడం, ఉద్రిక్త ప్రాంతాల్ని తప్పించుకునే చుట్టు దారులు, ఎదురు గాలి.. అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. దానికి రెండున్నర గంటల లేఓవర్ కలిపితే 22 గంటల 30 నిమిషాలు. కనెక్షన్ సరిగ్గా కుదరకపోతే ఆ లేఓవరే 6 గంటలు, 9 గంటలు అవుతుంది. అంటే ప్రయాణం సాగదీసేది ఎక్కువగా దూరం కాదు.. మధ్యలో కూర్చోబెట్టే సమయం.

గాలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎత్తైన ఆకాశంలో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. అందుకే గల్ఫ్ నుంచి అమెరికా వెళ్లేటప్పుడు పట్టే సమయం కన్నా వచ్చేటప్పుడు దాదాపు గంట, గంటన్నర తక్కువ పడుతుంది. విమానం అదే, దూరం అదే.. తోసేది గాలి. చలికాలంలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక గల్ఫ్ మీద ఆధారపడటంలో ఇంకో రిస్క్ ఉంది. పాకిస్థాన్ మూతతో ఢిల్లీకి తగిలినంత దెబ్బ హైదరాబాద్‌కి తగల్లేదు. మన విమానాలు ఎలాగూ అరేబియా సముద్రం మీదుగానే గల్ఫ్‌కి వెళ్తాయి. కానీ గల్ఫ్ ఆకాశానికే ఏదైనా అయితే మొదట ఇరుక్కునేది మనమే. 2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు ఖతార్ కొన్ని గంటలు గగనతలం మూసింది. వేల మంది ప్రయాణికులు ఎక్కడికక్కడ చిక్కుకుపోయారు. అందుకే హైదరాబాద్ నుంచి లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్ లాంటి యూరప్ నగరాలకి నేరుగా ఉన్న సర్వీసులు కీలకం. ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు ఉండాలి కదా.

టికెట్ మీద గంటలు ఇలా లెక్కపెట్టండి

చాలామంది పొరబడేది ఇక్కడే. టికెట్ మీద ఉండే సమయాలు ఏ ఊరివి ఆ ఊరికే. ఉదాహరణకి వేసవిలో హైదరాబాద్‌లో ఉదయం 4 గంటలకి బయల్దేరి, అదే రోజు సాయంత్రం 4 గంటలకి డాలస్‌లో దిగుతారని ఉందనుకోండి. చూడ్డానికి 12 గంటల ప్రయాణంలా ఉంటుంది. కానీ డాలస్ మనకన్నా వేసవిలో 10 గంటల 30 నిమిషాలు వెనక. అది కలిపితే అసలు ప్రయాణం 22 గంటల 30 నిమిషాలు. చలికాలంలో అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు కాబట్టి తేడా 11 గంటల 30 నిమిషాలు. అవే టైమింగ్స్ ఉంటే ప్రయాణం 23 గంటల 30 నిమిషాలు.

దీనికి ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా పట్టే సమయం కలపాలి. విజయవాడ నుంచో, ఖమ్మం నుంచో, కర్నూలు నుంచో వచ్చేవాళ్లకి రోడ్డు మీదే నాలుగైదు గంటలు. మూడు గంటల ముందు చెక్ ఇన్. ఇలా చూస్తే గుమ్మం నుంచి గుమ్మానికి ఒకటిన్నర రోజు. పెద్దవాళ్లకి టికెట్ బుక్ చేసేటప్పుడు రెండు మూడు వేలు తక్కువని రెండు స్టాపులున్న టికెట్ తీసుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఇంకో విషయం. అమెరికాలో మొదట ఏ నగరంలో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. లగేజీ కూడా సాధారణంగా అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. కాబట్టి న్యూయార్క్‌లో దిగి డాలస్‌కి మారే టికెట్‌లో రెండు గంటల లోపు గ్యాప్ ఉంటే ఇబ్బందే. అబుదాబీ మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది. ఇంగ్లీష్ అంతగా రాని తల్లిదండ్రులకైతే ఒక్క స్టాపు, అది కూడా పిల్లలుండే నగరానికే నేరుగా దిగే కనెక్షన్ అన్నిటికన్నా మేలు. వీల్‌చైర్ కావాలంటే బుకింగ్ అప్పుడే చెప్పాలి. 16 గంటల ఫ్లైట్‌లో మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి, మంచినీళ్లు తాగుతూ ఉండాలి.

మరి డైరెక్ట్ ఫ్లైట్ వస్తుందా?

విమానాల కొరత తీరే సూచనలైతే ఉన్నాయి. ఎయిర్ ఇండియా 2023లో ఇచ్చిన 470 విమానాల భారీ ఆర్డర్‌లో 34 ఎయిర్‌బస్ ఏ350-1000లు ఉన్నాయి. వీటి రేంజ్ 16 వేల కిలోమీటర్ల పైనే. ఇండిగో కూడా 2024 ఏప్రిల్‌లో 30 ఏ350-900 విమానాలకి ఆర్డర్ ఇచ్చింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇదే ఏ350లో ప్రత్యేక రకంతో న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఒకే దూకుడులో వెళ్తోంది. కాబట్టి హైదరాబాద్ నుంచి చికాగో, డాలస్ టెక్నికల్‌గా అసాధ్యమేం కాదు.

ప్రయాణికులూ ఉన్నారు. శంషాబాద్‌లో రోజూ కనిపించే ఆ క్యూలే సాక్ష్యం. అయితే ఆ ప్రయాణికుల్లో ఎక్కువ మంది చదువుకోడానికి వెళ్లే పిల్లలు, వాళ్లని చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు. ఎకానమీ టికెట్‌లో పది వేలు తగ్గినా అటే మొగ్గుతారు. ఇంత దూరపు సర్వీసుకి లాభం తెచ్చేదేమో బిజినెస్ క్లాస్. ఆ సీట్లు ఏడాది పొడవునా నిండుతాయన్న నమ్మకం కుదిరితేనే ఏ కంపెనీ అయినా ముందుకొస్తుంది. ఒక పక్క ఢిల్లీ నుంచి నడిచే సర్వీసులే చుట్టు తిరగలేక తగ్గుతుంటే, కొత్తగా వచ్చే విమానాలు ముందు అక్కడికే వెళ్తాయి. హైదరాబాద్ వంతు ఆ తర్వాతే.

అందుకే డైరెక్ట్ ఫ్లైట్ అడిగేటప్పుడు కేవలం ఎయిర్‌లైన్స్‌ని అడిగితే సరిపోదు. విమానం కొనడం కంపెనీ చేతిలో ఉంది. ఏ దేశం ఆకాశం ఎప్పుడు మూసుకుంటుందో, ఎప్పుడు తెరుచుకుంటుందో అది ప్రభుత్వాల చేతిలో ఉంది. హైదరాబాద్ - డాలస్ మధ్య ఉన్న 14,400 కిలోమీటర్లు రేపూ మారవు, పదేళ్ల తర్వాతా మారవు. మారేవల్లా గంటలే. ఆ గంటల్ని భరించేది మాత్రం.. మోకాళ్ల నొప్పులతో, ఒళ్లో మనవడి బట్టల సంచితో, తెలియని ఎయిర్‌పోర్టులో గేట్ నంబర్ వెతుక్కుంటున్న అమ్మే.